అద్దాల బీరువాలో సంగీతం

2019 జనవరి. ఇటలీలోని క్రెమోనా. డెబ్బై వేల జనాభా ఉన్న చిన్న పట్టణం. ఒకరోజు ఆ ఊరి మేయరు జనానికి ఓ చిత్రమైన విన్నపం చేశారు. కొన్ని వారాలపాటు ఊరి నడిబొడ్డున చప్పుడు చెయ్యవద్దని!

పోలీసులు వీధులకు అడ్డుకట్టలు కట్టారు. కార్లను పక్కదారి పట్టించారు. రాళ్లు పరిచిన ఆ వీధుల్లో హైహీల్స్ వేసుకుని నడిచినా టకటకమంటుంది కనుక వాళ్లనూ మెల్లగా వెళ్లమన్నారు. హోటల్లో గ్లాసు కిందపడి భళ్లుమన్నా ఇబ్బందే. అక్కడి వయొలిన్ మ్యూజియంలోని సంగీతశాలలో లిఫ్టులు ఆపేశారు. గాలి మరలు ఆపేశారు. గుయ్‌మంటున్నాయని దీపాలను కూడా ఊడదీశారు.

ఇంత హడావుడీ నాలుగు వాద్యాల కోసం. 1727లో స్ట్రాడివారి చేసిన వయొలిన్ ఒకటి. 1700లో ఆయనే చేసిన చెల్లో ఒకటి. 1734లో గ్వార్నేరి చేసిన వయొలిన్ మరొకటి. 1615లో అమాతి ఇంటివాళ్ల చేతుల్లో పుట్టిన వియోలా ఇంకొకటి. ఈ మూడు కుటుంబాలూ క్రెమోనావే. ఇవాళ్టి వయొలిన్ రూపురేఖలు తీర్చింది వాళ్లే.

ఐదు వారాలపాటు, రోజుకు ఎనిమిది గంటల చొప్పున, కళాకారులు ఒక్కొక్క స్వరాన్నీ విడివిడిగా పలికించారు. మెల్లగా, గట్టిగా, కమానుతో లాగి, వేలితో మీటి... ఎన్ని రకాలుగా పలకగలదో అన్ని రకాలుగానూ. ముప్పైకి పైగా మైకులు ఆ ధ్వనిని పట్టుకున్నాయి. ఎందుకంత తాపత్రయం? ఏదో ఒకరోజు ఈ వాద్యాలు ఇక వాయించలేని స్థితికి వచ్చేస్తాయి కనుక. అప్పటికి వాటి గొంతయినా మిగలాలి కదా అని!

రాజుగారి కత్తి మ్యూజియంలో ఉందంటే దాంతో ఎవరినీ నరకనక్కర్లేదు. పాత నాణెం ఇచ్చి సరుకులు కొననక్కర్లేదు. చూస్తే చాలు. వాద్యం అలా కాదు. అది కంటి కోసం పుట్టింది కాదు, చెవి కోసం పుట్టింది. బీరువాలో పెట్టి తాళం వేస్తే పదిలంగా ఉంటుంది. కానీ మూగదైపోతుంది. బయటికి తీసి వాయిస్తే పలుకుతుంది. కానీ అరుగుతుంది. మరి వాయించాలా... దాచాలా? ప్రపంచంలోని వాద్యాల మ్యూజియాలన్నీ తలలు పట్టుకునే ప్రశ్న ఇదే.

పలికేది ఒకటి... పలకనిది ఒకటి

ఈ ప్రశ్నకు పూర్తి వ్యతిరేకమైన రెండు జవాబులున్నాయి. ఒకటి ఇటలీలోని జెనోవాలో ఉంది. రెండోది ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డులో.

జెనోవా నగరపాలక భవనంలో ఉన్న వయొలిన్ పేరు 'కనోనె'. అంటే ఫిరంగి. 1743లో గ్వార్నేరి దెల్ జెజు చేసిన వాద్యం అది. వయొలిన్ మాంత్రికుడు పగనీని దగ్గర ఉండేది. జూదంలో ఉన్న ఫిడేలు పోగొట్టుకుని కచేరీకి చేతిలో వాద్యం లేక నిలబడితే, లివోర్నోలో ఒక వ్యాపారి దీన్ని అరువిచ్చాడట. కచేరీ విన్నాక తిరిగి తీసుకోవడానికి మనసొప్పక అతనికే ఉంచెయ్యమన్నాడట. దాని గంభీరమైన గొంతు చూసి పగనీనియే 'ఫిరంగి' అని ముద్దుపేరు పెట్టుకున్నాడు. 1840లో చనిపోతూ, శాశ్వతంగా కాపాడమంటూ తన ఊరు జెనోవాకు రాసిచ్చేశాడు.

జెనోవావాళ్లు దాన్ని కాపాడుతూనే ఉన్నారు. అలాగని గొంతు నొక్కెయ్యలేదు. అప్పుడప్పుడూ బయటికి తీసి వాయిస్తారు. 1954 నుంచి జరుగుతున్న పగనీని వయొలిన్ పోటీలో మొదటి బహుమతి గెలిచినవాళ్లకు దీన్ని వాయించే అదృష్టం దక్కుతుంది. పక్కన సాయుధ రక్షకులు కాపలా ఉంటారనుకోండి!

2001 డిసెంబరులో ఆ ఊళ్లో పెద్ద చర్చే రేగింది. అమెరికా నల్లజాతి కళాకారిణి రెజీనా కార్టర్ 'కనోనె' మీద కచేరీ చేస్తుందని ప్రకటించారు. ఆమె శాస్త్రీయ సంగీతం వాయించే మనిషి కాదు, జాజ్ మనిషి. పగనీని వాద్యం మీద జాజా అని సంప్రదాయవాదులు ముక్కున వేలేసుకున్నారు. వయొలిన్ పాడైపోతుందని భయపడ్డారు. ఆమె మాత్రం వాయించింది. జనం మెచ్చుకున్నారు. 2003లో ఆ వాద్యంతోనే చేసిన ఆల్బమ్ కూడా వచ్చింది. వయొలిన్‌కు ఏమీ కాలేదు!

ఇక ఆక్స్‌ఫర్డుకు వెళదాం. అక్కడి యాష్మోలియన్ మ్యూజియంలో అద్దాల వెనక మెరిసిపోతూ ఒక వయొలిన్ కనిపిస్తుంది. 1716లో స్ట్రాడివారి చేసింది. ఆయన చనిపోయేదాకా, అంటే 1737 దాకా, అమ్మకుండా తన దగ్గరే అట్టిపెట్టుకున్నాడు. తర్వాత అది ఒక జమీందారు చేతికి, అక్కడి నుంచి తరీసియో అనే వాద్యాల వ్యాపారి చేతికి వెళ్లింది. తరీసియో పారిస్ వచ్చినప్పుడల్లా తన దగ్గరున్న అపురూపమైన వయొలిన్ గురించి గొప్పలు చెప్పేవాడు. ఒక్కసారీ వెంట తెచ్చేవాడు కాదు. విని విని విసిగిపోయిన ఒక వయొలిన్ విద్వాంసుడు, వస్తాడు వస్తాడంటారే తప్ప ఎన్నటికీ రాని 'మెస్సయ్య'లా ఉందే నీ వయొలిన్ అన్నాడట. ఆ పేరే స్థిరపడిపోయింది.

'మెస్సయ్య'ను 1939లో లండనులోని హిల్ కుటుంబం యాష్మోలియన్‌కు కానుకగా ఇచ్చింది. అప్పటినుంచీ దాన్ని వాయించడం లేదు. చూసినవాళ్లకు నిన్ననే కార్ఖానా నుంచి వచ్చిందా అనిపించేంత కొత్తగా ఉంటుంది. వార్నిష్ చెక్కుచెదరలేదు. చెమట మరక లేదు. గడ్డం ఆనించిన గుర్తు లేదు. మూడు వందల ఏళ్లు దాటినా పెళ్లికూతురిలా ఉంది.

అంత అందమైన గొంతును నొక్కిపెట్టడం పాపం కాదా అని సంగీతజ్ఞులు వాపోతుంటారు. నిజమే. కానీ అవతలి పక్షం వాదన కూడా వినాలి.

ముట్టుకోకుండా ఉంచితే లాభమేమిటి?

స్ట్రాడివారి వయొలిన్లు ప్రపంచంలో కొన్ని వందలు మిగిలాయి. వాటిలో చాలావాటిని ఇప్పటికీ కచేరీల్లో వాయిస్తున్నారు. అయితే స్ట్రాడివారి వచ్చి చూస్తే వాటిని వెంటనే గుర్తుపట్టడం కష్టమే. పెద్ద పెద్ద సభాభవనాల్లో గట్టిగా వినపడాలని 19వ శతాబ్దంలో వాటి మెడలు మార్చి పొడుగు చేశారు. వెనక్కి వంచి బిగించారు. లోపల పై పలకకు దన్నుగా ఉండే కర్రను తీసేసి ఇంకా దృఢమైంది పెట్టారు. తీగలు మారాయి. గుర్రం మారింది. పలికింది, పలుకుతోంది... కానీ అది పుట్టినప్పటి గొంతు కాదు.

వయొలిన్ తీగలన్నీ కలిసి ఇరవై కిలోలకు పైగా బలంతో లాగుతుంటాయి. ఆ లాగుడుకు పల్చటి చెక్క రోజూ తట్టుకోవాలి. వాయించేవారి చెమటలోని ఉప్పు వార్నిష్‌ను తినేస్తుంది. ఒక ఊళ్లో చలి, మరో ఊళ్లో ఉక్క. చెక్క ఉబ్బుతుంది, కుంచించుకుపోతుంది, బీటలిస్తుంది. బాగుచేసిన ప్రతిసారీ అసలుది కొంచెం పోయి కొత్తది కొంచెం చేరుతుంది. కనుకనే పెద్దగా వాయించకుండా మిగిలిన 'మెస్సయ్య' లాంటిది పరిశోధకులకు వెలలేని సాక్ష్యం. స్ట్రాడివారి వార్నిష్ ఎలా పూశాడు, అంచులు ఎలా తీర్చాడు అన్నవి తెలుసుకోవాలంటే దాన్నే చూడాలి.

ఆ సాక్ష్యం ఒకసారి దానికే అక్కరకొచ్చింది. 1990ల చివర్లో, ఇది స్ట్రాడివారి చేసింది కాదు, 19వ శతాబ్దపు నకలు అనే అనుమానం పుట్టింది. శాస్త్రజ్ఞులు దాని పై పలకలోని వార్షిక వలయాలను లెక్కపెట్టారు. చెట్టు ఏటా ఒక వలయం వేసుకుంటుంది కదా! ఆ లెక్క ప్రకారం చివరి వలయాలు 1680ల నాటివి. అంటే చెక్క స్ట్రాడివారి కాలానిదే. వాయించీ వాయించీ పలక మార్చేసి ఉంటే ఈ సాక్ష్యం మిగిలేదా?

పియానో కథ ఇంకా స్పష్టంగా ఉంటుంది. ఫ్లారెన్సులో మెదీచీ రాజకుటుంబం కొలువులో ఉన్న క్రిస్తోఫోరి 1700 నాటికే మొదటి పియానో తయారుచేశాడు. అంతకుముందున్న హార్ప్సికార్డులో మీట నొక్కితే తీగను గిల్లుతుంది. ఎంత గట్టిగా నొక్కినా ఒకటే శబ్దం. క్రిస్తోఫోరి చిన్న చిన్న సుత్తులు అమర్చి తీగను కొట్టించాడు. మెల్లగా నొక్కితే మెల్లగా, గట్టిగా నొక్కితే గట్టిగా. సంగీత చరిత్రే మలుపు తిరిగింది.

ఆయన చేతి పియానోలు ప్రపంచం మొత్తం మీద మూడే మిగిలాయి. 1722 నాటిది రోములో, 1726 నాటిది జర్మనీలోని లైప్జిగ్‌లో ఉన్నాయి. వాటిని వాయించే వీల్లేదు. 1720 నాటిది న్యూయార్కు మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. మూడింటిలోకీ పాతది. చిత్రమేమిటంటే పలికేది అదొక్కటే!

అయితే సంతోషించే ముందు ఇంకో మాట. దాని స్వరాల పరిధిని తర్వాతివాళ్లు మార్చేశారు. నాదమంతా ఏ పలక మీద ఆధారపడి ఉంటుందో ఆ పలకను 1938లో తీసేసి కొత్తది వేశారు. అంటే ఇవాళ మనకు వినిపించేది క్రిస్తోఫోరి పియానోయే, కానీ క్రిస్తోఫోరి విన్న నాదం కాదు. పలికేది మారిపోయింది. మారనివి పలకవు. ఈ చిక్కుముడికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

ఫారో బాకా... అధ్యక్షుడి పిల్లనగ్రోవి

ఊదే వాద్యాలతో తంటా మరోరకం. ఊపిరితో పాటు వెచ్చటి తేమ కూడా లోపలికి పోతుంది. ఎన్నో ఏళ్లుగా ఎండిపోయి ఉన్న చెక్క ఒక్కసారిగా తడిస్తే నిలువునా చీలుతుంది. లోహమైతే ఫరవాలేదా అంటే అదీ చెప్పలేం.

ఈజిప్టు ఫారో తుతంఖామన్ సమాధిని 1922లో కనుగొన్నారు. అందులో రెండు బాకాలు దొరికాయి. ఒకటి వెండిది, ఇంకొకటి కంచుది. నొక్కుకుపోకుండా లోపల చెక్క మూసలు పెట్టి మరీ భద్రపరిచారు. మూడు వేల మూడు వందల ఏళ్లనాటి ఆ బాకాలను 1939 ఏప్రిల్ 16న కైరో నుంచి బీబీసీ రేడియోలో ఊదించారు. ఊదినవాడు బ్రిటిష్ సైన్యంలో బాండు వాయించే టాపెర్న్. ప్రపంచమంతా రేడియోల ముందు చేరింది. ఆ రికార్డింగు ఇప్పటికీ ఉంది, వినొచ్చు. ఒళ్లు గగుర్పొడుస్తుంది.

మరి దానికి చెల్లించిన మూల్యం? ప్రసారానికి ముందు జరిగిన ఒక ప్రయత్నంలో వెండి బాకా పగిలిపోయిందనీ, తర్వాత అతికించారనీ చెబుతారు. పైగా ఊదేందుకు వీలుగా ఆధునిక బాకాల నోటికట్టును దానికి తగిలించారు. అంటే వినిపించింది ఫారోల కాలపు నాదమేనా అన్నది కూడా అనుమానమే. ఆ ప్రసారం జరిగిన కొన్ని నెలలకే రెండో ప్రపంచ యుద్ధం మొదలైంది. దాంతో ఆ బాకా ఊదితే యుద్ధం వస్తుందనే కథ ఒకటి పుట్టింది. 2011లో కైరో అల్లర్ల సమయంలో కంచు బాకాను మ్యూజియం నుంచి దొంగలు ఎత్తుకుపోయారు. అదృష్టం బాగుండి కొన్ని వారాలకే తిరిగి దొరికింది.

ఇంతకు భిన్నమైన కథ 2022 సెప్టెంబరులో వాషింగ్టన్‌లో జరిగింది. అమెరికా కాంగ్రెస్ లైబ్రరీలో దాదాపు 1,700 పిల్లనగ్రోవుల సేకరణ ఉంది. డేటన్ మిల్లర్ అనే భౌతికశాస్త్రవేత్త జీవితమంతా కూడబెట్టి ఇచ్చివెళ్లినవి. అందులో ఒకటి స్ఫటికపు పిల్లనగ్రోవి. 1813లో పారిస్‌లో క్లాడ్ లారెంట్ అనే గడియారాల పనివాడు చేసి అమెరికా అధ్యక్షుడు మాడిసన్‌కు పంపాడు. పాప్ గాయని లిజో శాస్త్రీయంగా ఫ్లూట్ నేర్చుకున్న మనిషి. లైబ్రరీ ఆమెను ఆహ్వానించింది. క్యూరేటరు స్వయంగా దాన్ని కచేరీ వేదిక మీదకు తెచ్చి ఆమె చేతికిచ్చారు. వేలమంది ముందు ఆమె కొన్ని స్వరాలు ఊది, వెంటనే తిరిగి ఇచ్చేసింది.

చరిత్రాత్మక వస్తువును ఇలా వేదికలెక్కిస్తారా అని కొందరు మండిపడ్డారు. వాళ్లు ఒక సంగతి మరిచిపోయారు. లారెంట్ గాజుతో ఎందుకు చేశాడు? చెక్క వేణువు ఊపిరి తేమకు ఉబ్బుతుంది, శ్రుతి తప్పుతుంది. గాజుకు ఆ బాధ లేదు. అంటే తేమకు చెక్కుచెదరకూడదనే అది పుట్టింది. ఏ వాద్యం దేన్ని తట్టుకోగలదో తెలిసినవాళ్లు పక్కన నిలబడి ఇచ్చారు, పక్కన నిలబడి తీసుకున్నారు.

పక్కన అలాంటివాళ్లు లేకపోతే ఏమవుతుందో హాలీవుడ్ చూపించింది. 2015లో వచ్చిన 'ది హేట్‌ఫుల్ ఎయిట్' సినిమా కోసం అమెరికాలోని మార్టిన్ గిటార్ మ్యూజియం 1870ల నాటి గిటారును అరువిచ్చింది. కథ ప్రకారం హీరో కర్ట్ రస్సెల్ గిటారు లాక్కుని బద్దలు కొట్టాలి. అందుకోసం నకళ్లు సిద్ధంగా ఉన్నాయి. కానీ మార్చాల్సిన సమయంలో మార్చలేదు. ఆయనకు తెలియదు. అసలుదాన్నే స్తంభానికేసి కొట్టేశాడు! నటి జెన్నిఫర్ జేసన్ లీ వేసిన కేక నటన కాదు, నిజం. ఇక మీదట సినిమాలకు వాద్యాలు ఇచ్చేది లేదని మ్యూజియం చెప్పేసింది.

నిజంగా ఆ గొంతులో అంత ఉందా?

పాత వయొలిన్లకు ఇంత పూజ చేస్తున్నాం సరే, వాటి నాదం నిజంగా అంత గొప్పదా అని కొందరికి సందేహం వచ్చింది. 2010లో ఇండియానాపొలిస్‌లో 21 మంది వయొలిన్ కళాకారులకు ఏది ఏదో కనిపించకుండా నల్లటి అద్దాలు పెట్టారు. మూడు పాత ఇటలీ వయొలిన్లు, మూడు కొత్తవి ఇచ్చి వాయించమన్నారు. ఫ్రాన్సు పరిశోధకురాలు క్లాడియా ఫ్రిట్జ్, అమెరికా వయొలిన్ తయారీదారు జోసెఫ్ కర్టిన్ ఈ ప్రయోగానికి నాయకత్వం వహించారు. ఫలితం సంగీత ప్రపంచాన్ని కలవరపెట్టింది. ఏది పాతదో ఏది కొత్తదో చాలామంది చెప్పలేకపోయారు. ఎక్కువమందికి నచ్చింది కొత్తదే!

హోటల్ గదిలో పరీక్షిస్తే ఏం తెలుస్తుందని విమర్శలొచ్చాయి. 2012లో పారిస్ దగ్గర ఈసారి సంగీతశాలలో, పేరున్న పదిమంది విద్వాంసులతో చేశారు. వారిలోనూ ఆరుగురు కొత్త వయొలిన్‌కే మొగ్గారు.

అలాగైతే పాతవాటిని దాచడం దండగా? కాదు. అసలు సంగతి ఇక్కడే బయటపడింది. కొత్త వయొలిన్లు ఇంత బాగా పలకడానికి కారణం వాటిని చేసినవాళ్లు మ్యూజియాల్లో పాతవాటిని అంగుళం అంగుళం కొలిచి నేర్చుకోవడం. 2024 మార్చిలో 'కనోనె'ను ఫ్రాన్సులోని గ్రెనోబుల్‌కు తీసుకెళ్లి, అక్కడి మహాశక్తిమంతమైన ఎక్స్‌రే కేంద్రంలో చిత్రాలు తీశారు. ఎక్కడ చెక్క ఎంత మందం, ఎక్కడ బీట మొదలవుతోంది అన్నవి గీత కూడా పడకుండా తెలుసుకోవడానికి. ఈ కొలతలు కాపాడటానికీ పనికొస్తాయి, కొత్తవి చెయ్యడానికీ పనికొస్తాయి. క్రిస్తోఫోరి పియానోలకు అలా చేసిన నకళ్లే నేడు కచేరీల్లో మోగుతున్నాయి. మూడు వందల ఏళ్లనాడు కొత్త పియానో ఎలా పలికి ఉంటుందో అసలుదానికన్నా నకలే బాగా చెప్పగలదు!

జెనోవాలోనే దీనికి పాత సాక్ష్యం ఉంది. పగనీని ఒకసారి 'కనోనె'ను మరమ్మతుకు పారిస్‌లో వ్యోమ్ అనే నిపుణుడికి ఇచ్చాడు. ఆయన అచ్చు అలాంటిదే ఇంకొకటి చేసి రెండూ ముందు పెట్టాడట. ఏది తనదో పగనీనియే చూసి చెప్పలేకపోయాడట. వాయించి చూశాకే తెలిసిందట. ఆ నకలు పగనీని శిష్యుడు సివోరికి దక్కింది. ఇప్పుడు అసలూ నకలూ ఒకే భవనంలో ఉన్నాయి.

కలకత్తా నుంచి బ్రస్సెల్స్‌కు

వాద్యాల మ్యూజియాల చరిత్రలో మన దేశానికీ పెద్ద పీటే ఉంది. బెల్జియం రాజధాని బ్రస్సెల్స్‌లో సంగీత కళాశాలకు అనుబంధంగా 1877లో వాద్యాల మ్యూజియం పుట్టింది. అందుకు పునాది వేసిన సేకరణలు రెండు. ఒకటి ఆ కళాశాల మొదటి అధిపతి ఫెటిస్‌ది. రెండోది కలకత్తా నుంచి ఓడలో వచ్చిన కానుక. పంపినవారు రాజా శౌరీంద్రమోహన్ ఠాగూర్. రవీంద్రుడి వంశంలోనే మరో శాఖ వారు. ఆయన 1876లో బెల్జియం రాజు లియోపోల్డ్‌కు వంద దాకా భారతీయ వాద్యాలు పంపారు. మన సంగీతం గొప్పతనం ప్రపంచానికి తెలియాలన్నది ఆయన పట్టుదల. న్యూయార్కు మెట్రోపాలిటన్ మ్యూజియానికీ ఆయన వాద్యాలు చేరాయి.

ఆ మ్యూజియం మొదటి క్యూరేటరు మహియోఁ ముందు ఒక సమస్య వచ్చి పడింది. ఇన్ని దేశాల వాద్యాలను ఏ వరసలో పెట్టాలి? యూరపు లెక్కల్లో అన్నిటికీ చోటు కుదరలేదు. భరతముని నాట్యశాస్త్రంలో ఎప్పుడో చెప్పిన లెక్క ఉంది. తీగ వాద్యాలు తతం. ఊదేవి సుషిరం. తోలు బిగించినవి అవనద్ధం. తాళాలు, గంటల వంటివి ఘనం. వాద్యంలో మోగేది ఏమిటన్నదే దీనికి ఆధారం. 1880లో వెలువడిన తన జాబితాలో మహియోఁ వాద్యాలను సరిగ్గా ఇలాగే నాలుగు తరగతులుగా విభజించాడు. 1914లో హార్న్‌బోస్టెల్, జాక్స్ అనే పండితులు దాన్నే పెంచి పోషించారు. నేడు ప్రపంచంలోని మ్యూజియాలు వాద్యాలను వర్గీకరించేది ఆ పద్ధతిలోనే. అంటే అద్దాల బీరువాల్లోకి మన వాద్యాలతో పాటు మన ఆలోచన కూడా వెళ్లిందన్నమాట!

2000లో ఆ మ్యూజియం కొత్త భవనంలోకి మారింది. చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని బీరువా ముందు నిలబడితే చాలు, అందులోని వాద్యం ఎలా పలుకుతుందో వినిపిస్తుంది. కంటికి అసలుది, చెవికి రికార్డింగు. మధ్యేమార్గం అంటే ఇదే.

మైనం కరుగుతుంది... చెయ్యి మిగలాలి

అయితే మన వాద్యాల దగ్గరకు వచ్చేసరికి ఈ లెక్క ఇంకో మలుపు తిరుగుతుంది. స్ట్రాడివారి వయొలిన్ మూడు వందల ఏళ్లు నిలిచింది. మన మృదంగం? పనసచెక్కతో తొలిచిన గుల్ల తరాలు నిలుస్తుంది. దాని మీది తోలు మాత్రం నిలవదు. వాయించేకొద్దీ మార్చాల్సిందే. కుడివైపు అన్నంతో, రాతిపొడితో పొరలు పొరలుగా వేసే నల్లటి పూత అరిగిపోతుంది. మళ్లీ వెయ్యాలి. ఎడమవైపు కచేరీకి ముందు రవ్వముద్ద అద్దుతారు, అయిపోగానే గీకేస్తారు. మృదంగంలో సగం నాదం ప్రతి కచేరీకీ కొత్తగా పుడుతుంది. దాన్ని ఏ బీరువాలో దాచగలం?

వీణా అంతే. బొబ్బిలి వీణకు అంత పేరెందుకొచ్చింది? బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో ఒకే పనస దుంగను తొలిచి కుండ, దండి ఏకంగా చేస్తారు. ఆ చెక్క చాలాకాలం ఉంటుంది. కానీ ఇరవై నాలుగు మెట్లనూ నిలబెట్టేది మైనం. ఏళ్లు గడిచేకొద్దీ మైనం మెత్తబడుతుంది. మెట్లు జరుగుతాయి, తీగల రాపిడికి గాడులు పడతాయి. మైనం తీసేసి ఒక్కొక్క మెట్టునూ చెవితో విని, వెంట్రుకవాసి జరిపి మళ్లీ బిగించాలి. ఆ పని తెలిసిన చెవి లేకపోతే ఎంత గొప్ప వీణైనా చెక్కబొమ్మే.

పాలమూరు ప్రాంతపు కిన్నెర సంగతి ఇంకా సున్నితం. వెదురు దండి, సొరబుర్రలు, తేనెమైనంతో అతికిన మెట్లు. పురుగు పట్టేందుకు, బుర్ర పగిలేందుకు ఎంతసేపు? ఆ వాద్యం వందల ఏళ్లు నిలిచింది గట్టి చెక్క వల్ల కాదు. పాడైనప్పుడల్లా ఇంకొకటి చేసుకునే మనిషి ఉండటం వల్ల. నాగర్‌కర్నూల్ జిల్లా కళాకారుడు దర్శనం మొగిలయ్య పన్నెండు మెట్ల కిన్నెర మీద పండుగ సాయన్న, మియాసాబ్ కథలు పాడి 2022లో పద్మశ్రీ అందుకున్నారు. అప్పటిదాకా కిన్నెర అనే వాద్యం ఉందని తెలియని తెలుగువాళ్లే ఎక్కువ. ఆచార్య జయధీర్ తిరుమలరావు లాంటివారు ఊరూరూ తిరిగి ఇలాంటి జానపద, గిరిజన వాద్యాలను సేకరించకపోతే ఎన్నో రూపాలు కూడా మిగిలేవి కావు.

కనుక వాయించాలా, దాచాలా అన్న ప్రశ్నకు ఒకే జవాబు లేదు. మూడు వందల ఏళ్లనాటి వయొలిన్‌ను దాచి, కొలిచి, నకలు చేసి వాయించుకోవచ్చు. గొంతును మైకులతో పట్టుకోవచ్చు. కిన్నెరను కూడా బీరువాలో పెట్టొచ్చు, పెట్టాలి. పక్కన హెడ్‌ఫోనూ తగిలించొచ్చు. కానీ సొరకాయ ఏది కొయ్యాలో, ఎప్పుడు ఎండబెట్టాలో, మైనం ఎంత వేడి చెయ్యాలో, ఏ కథకు ఏ మెట్టు మీద వేలు పెట్టాలో... అది ఏ అద్దాల వెనకా నిలవదు. ఒక చేతి నుంచి ఇంకో చేతికి అందాలి. అందుకు బీరువా తాళం అక్కర్లేదు. ఎదురుగా కూర్చుని నేర్చుకునే పిల్లవాడు ఒక్కడుంటే చాలు.